మొక్కల మేళాలో స్థానిక మొక్కలు: పక్కపక్కన రెండుంటే ఏది కొనాలి?

కమ్యూనిటీ నర్సరీ మేళాలో బల్లల మీద వందల కవర్లు వరసగా పేర్చి ఉంటాయి. పూసిన మొక్కలు ముందు అమ్ముడైపోతాయి, పూయనివి సాయంత్రం దాకా అలాగే ఉండిపోతాయి. కొనేది స్థానిక మొక్క అయితే ఈ వరస తిరగబడాలని నా గట్టి అభిప్రాయం. మీ నేలకూ మీ వానలకూ అలవాటుపడి, మీ చుట్టూ ఉన్న పిట్టలతో, పురుగులతో కలిసి వేల ఏళ్లుగా బతుకుతున్న జాతిని ఇంటికి తెచ్చుకుంటున్నారు. ఆ రోజు దానికి పువ్వు ఉందా లేదా అన్నది ఆఖరున చూడాల్సిన సంగతి. అది నిజంగా ఏ జాతి, దాని ఆకు ఎవరికి తిండి, కవరు లోపల వేళ్లు ఎలా ఉన్నాయి అన్నవి ముందు చూడాలి.

ఉదాహరణలకి ఎక్కువగా దక్కను నేలల మొక్కల పేర్లే వాడాను, పేరు వినగానే తెలుగువాళ్లకి కళ్లకు కడతాయి కాబట్టి. మీరుండేది వేరే ఖండమైతే పేర్లు మారతాయి, ఎంచుకునే పద్ధతి మారదు.

పెరట్లో పాతదా, నేలకు చెందినదా?

చిన్నప్పటి నుంచి చూస్తున్న మొక్క మన నేలదే అనుకోవడం సహజం. కానీ కాగితపు పూల తీగ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. బంతి, చంద్రకాంత, పచ్చ గన్నేరు, దేవగన్నేరు అన్నీ అమెరికా ఖండాలవే. బిళ్ల గన్నేరు పుట్టిల్లు మడగాస్కర్. జామ, సీతాఫలం కూడా సముద్రం దాటి వచ్చినవే. వీటిలో చాలావాటితో గొడవేమీ లేదు, ఉన్నవాటిని పీకేయమని నేను అనను. అయితే ‘స్థానిక మొక్కలు’ అని బోర్డు పెట్టిన బల్ల మీద ఇవి కనిపిస్తే, ఆ బల్ల మీది మిగతా పేర్లు కూడా సరిచూసుకోవాల్సిందే.

మరోవైపు తంగేడు, వావిలి, అడ్డసరం, మోదుగ లాంటివి చూస్తే ‘వీటిని కూడా కొనాలా, బీడు భూముల్లో బోలెడు ఉన్నాయి కదా’ అనిపిస్తుంది. నిజానికి మేళాకి వెళ్లాల్సింది వాటి కోసమే. బీడు భూములు ప్లాట్లైపోతున్న చోట అవి మిగిలేది ఇలా ఎవరో గింజ ఏరి, నారు పోసి, కవర్లలో పెంచితేనే.

ఒకే మొక్కకి రెండు చోట్ల రెండు రకాల చీటీలు ఉంటే, శాస్త్రీయ నామం రాసిన చీటీ ఉన్నదే తీసుకోండి. ఇదేదో చదువు ప్రదర్శన కాదు. గన్నేరు అన్న ఒక్క మాట కింద నీరియం (మామూలు గన్నేరు), కాస్కబెలా (పచ్చ గన్నేరు), కాథరాంథస్ (బిళ్ల గన్నేరు), ప్లుమేరియా (దేవగన్నేరు) అనే నాలుగు వేరువేరు మొక్కలు వస్తాయి. వాటిలో మొదటిదొక్కటే ఆసియాలో సహజంగా పెరిగేది. చీటీ మీద శాస్త్రీయ నామం రెండు మాటల్లో ఉంటే అది సాధారణంగా అసలు జాతి. ఆ తర్వాత కోట్స్‌లో ఇంకో పేరు, ‘గోల్డెన్ ఏదో’, ‘కాంపాక్ట్ ఏదో’ అని ఉంటే అది మనుషులు ఎంచి పెంచిన రకం. దాని సంగతి కింద చెబుతాను.

‘ఇది మన దేశం మొక్కే’ అన్న మాట కూడా సగం సమాధానమే. హిమాలయాల్లో పెరిగే రోడోడెండ్రాన్ అనే పూల చెట్టు మన దేశానిదే, అంతమాత్రాన అది దక్కను ఎండకి బతకదు. మాధవీలతనే చూడండి. అది భారతదేశంలో, ఆగ్నేయాసియాలో సహజంగా పెరిగే అందమైన తీగ. అదే తీగ మారిషస్, రీయూనియన్ దీవులకు చేరి అక్కడి అడవుల్ని కమ్మేసి, ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాకెక్కింది. కాబట్టి అడగాల్సింది దేశం పేరు కాదు. ‘ఈ చుట్టుపక్కల అడవుల్లో, గుట్టల మీద, వాగుల పక్కన ఇది సహజంగా పెరుగుతుందా? మీరు గింజ ఎక్కడ ఏరారు?’ అని అడగండి. కమ్యూనిటీ నర్సరీలో ఈ ప్రశ్నకి సమాధానం దొరికే అవకాశం ఎక్కువ, ఎందుకంటే గింజ ఏరినవాళ్లే చాలాసార్లు బల్ల వెనక నిలబడి ఉంటారు. పెద్ద నర్సరీకి లారీలో వచ్చిన మొక్క గురించి అక్కడి సేల్స్‌మన్ చెప్పగలిగేది తక్కువ.

గింజ ఎక్కడిదో తెలిస్తే ఒరిగేదేంటి అంటారా? ఒకే జాతి అయినా ప్రాంతాన్ని బట్టి దాని లెక్కలు మారతాయి. ఉత్తర అమెరికా మైదానాల్లో పెరిగే స్విచ్‌గ్రాస్ అనే గడ్డిలో దక్షిణాది రకాన్ని ఉత్తరానికి తీసుకెళ్లి నాటితే, ఆలస్యంగా పూసి, చలికాలం వచ్చేసరికి సిద్ధం కాక దెబ్బతింటుంది. జాతి అదే, పేరు అదే. అందుకే ఒకే మొక్క రెండు బల్లల మీద ఉంటే, దగ్గరి గింజతో పెంచినదానికే నా ఓటు.

కొన్ని మాత్రం ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయాల్సినవి. లాంటానా, నేల మీద పసుపు పూలతో పాకే వెడెలియా, నీటి తొట్ల కోసం అమ్మే గుర్రపుడెక్క మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చి ఆసియాలో, ఆఫ్రికాలో, పసిఫిక్ దీవుల్లో అడవుల్నీ చెరువుల్నీ ఆక్రమించినవే. మా ఇంటి గోడ దాటి పోవులే అనుకోవద్దు. లాంటానా పండు పిట్ట తింటుంది, గింజ ఎక్కడ పడుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు.

తేనె కోసమా, ఆకు కోసమా?

సీతాకోకచిలుకలు రావాలంటే పూల మొక్కలు పెట్టాలని అందరికీ తెలుసు. అది నిజమే గానీ, వచ్చి తేనె తాగి వెళ్లిపోవడం వేరు, అక్కడే గుడ్లు పెట్టి పెరగడం వేరు. పెద్ద సీతాకోక దాదాపు ఏ పువ్వు మీదైనా వాలుతుంది. దాని పిల్ల, అంటే గొంగళిపురుగు, అలా కాదు. చాలా జాతుల పిల్లలకి ఒకటో రెండో కుటుంబాల మొక్కల ఆకులే తిండి, వేరే ఆకు పెడితే ఆకలితో చస్తాయి. ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోక పిల్లలకి జిల్లేడు ఆకు కావాలి. ఎర్రటి ఒంటితో నల్ల రెక్కలతో ఎగిరే క్రిమ్సన్ రోజ్‌కి ఈశ్వరవేరు తీగ కావాలి. రేల, తంగేడు ఆకుల మీద పసుపూ తెలుపూ రెక్కల ఎమిగ్రెంట్ సీతాకోకలు గుడ్లు పెడతాయి.

పెరట్లో కరివేపాకు చెట్టు ఉంటే ఇదంతా దగ్గరగా చూడొచ్చు. లేత ఆకు మీద అర అంగుళం పొడవున నల్లగా, మధ్యలో తెల్లటి మచ్చతో ఏదో అంటుకుని ఉంటుంది. అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటుంది, చాలామంది అదే అనుకుని వదిలేస్తారు. అది కామన్ మోర్మన్ అనే సీతాకోక పిల్ల. నిమ్మ సీతాకోక పిల్లది కూడా ఇదే వేషం. ఆకు తింటూ కొద్దిరోజుల్లో చర్మం విడిచి, ఆకుపచ్చగా మారిపోతుంది. అప్పుడు వేలితో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి చీలిన కొమ్ములాంటిది బయటికి తోస్తుంది, ఘాటైన వాసన వస్తుంది. శత్రువుని బెదిరించే దాని ఆయుధం అది. ఆ చెట్టుకి నాలుగు ఆకులు పోయినందువల్ల ఏమీ కాదు. మందు కొడితే మాత్రం ఆ రెక్కలు మీ పెరట్లో ఎగరవు.

పిట్టల సంగతీ ఇక్కడే తేలుతుంది. గింజలు తినే పిట్టలు కూడా చాలావరకు పిల్లలకి పెట్టేది పురుగులే. అమెరికాలో చికడీ అనే పిచ్చుకంత పిట్ట, ఒక గూట్లోని పిల్లలు ఎగిరే వయసు వచ్చేలోగా 6,000 నుంచి 9,000 దాకా గొంగళిపురుగులు తెచ్చి పెడుతుందని లెక్క. వాషింగ్టన్ చుట్టుపక్కల ఇళ్ల తోటల్లో ఈ పిట్టల మీద చేసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. పెరట్లోని పచ్చదనంలో స్థానిక మొక్కల వాటా 70 శాతానికి తగ్గిన చోట పిట్టలు తమ సంఖ్య నిలబెట్టుకునేంతగా పిల్లల్ని పెంచలేకపోయాయని అందులో తేలింది. ఆ అంకె ఆ ఊరి ఆ పిట్టది, అన్ని చోట్లా అలాగే వర్తిస్తుందని కాదు. కానీ మిగతా 30 శాతంలో మీకిష్టమైన గులాబీలూ చామంతులూ పెట్టుకోవచ్చన్న ధైర్యం కూడా అందులో ఉంది.

కాబట్టి చోటు ఒక్క మొక్కకే ఉంటే, తేనె మాత్రమే ఇచ్చేదానికంటే ఆకు తిండిగా పనికొచ్చేది కొనండి. రేల, తంగేడు లాంటివైతే పువ్వూ ఆకూ రెండూ పనికొస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే జిల్లేడు వద్దు, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

పోలికలు చూసి మోసపోవడం మాత్రం ఇక్కడ చాలా తేలిక. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే పెద్ద ఆకుపచ్చ సీతాకోక ఉంది. దాని పిల్లలు తినేది అడవిలోని ఒక తీగ ఆకు. ఇళ్లలో అందం కోసం పెంచిన దక్షిణ అమెరికా తీగ ఒకటి అదే కుటుంబానిది. తల్లి సీతాకోక దాన్ని తన తీగే అనుకుని గుడ్లు పెట్టేది, ఆ ఆకు తిన్న పిల్లలు విషమెక్కి చనిపోయేవి. అసలు తీగని నర్సరీల్లో పెంచి, బడిపిల్లలూ ఊరివాళ్లూ ఇళ్లలో నాటడం మొదలుపెట్టాకే ఆ సీతాకోకకి కొంత ఊపిరి తిరిగింది. ‘అదీ ఈశ్వరవేరు లాంటిదేనండీ’ అని ఎవరైనా పెద్ద పువ్వుల తీగ చూపిస్తే ఈ కథ గుర్తుచేసుకోండి.

అసలు జాతా, మెరుగుపెట్టిన రకమా?

ఒంటి రెక్క నందివర్ధనం, ముద్ద నందివర్ధనం రెండూ పక్కపక్కనే అమ్ముతారు. ముద్ద పువ్వు నిండుగా ఉంటుంది. అయితే ముద్ద పువ్వుల్లో చాలావరకు కేసరాలే రెక్కలుగా మారి ఉంటాయి కాబట్టి పుప్పొడి తగ్గిపోతుంది, ఉన్న తేనెకి దారి మూసుకుపోతుంది. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో అసలు జాతుల్నీ వాటి నుంచి తీసిన రకాల్నీ పక్కపక్కన పెంచి, వాటి మీద వాలే తేనెటీగల్ని లెక్కపెట్టారు. ముద్ద పూల రకాలు బాగా వెనకబడ్డాయి. కొన్ని రకాలకు మాత్రం అసలు జాతికి వచ్చినన్ని తేనెటీగలూ వచ్చాయి. అంటే రకమైనంత మాత్రాన చెడ్డది కాదు, ఏం మార్చారన్నది చూడాలి.

ఆకుల విషయంలో డెలావేర్ విశ్వవిద్యాలయంవాళ్లు మౌంట్ క్యూబా సెంటర్ అనే స్థానిక మొక్కల ఉద్యానంతో కలిసి చేసిన పని నాకు ఇంకా ఉపయోగంగా అనిపించింది. మొక్క పొట్టిగా మారినా, కాయ పరిమాణం మారినా పురుగుల తిండిలో పెద్ద తేడా రాలేదు. పచ్చటి ఆకుని ఎరుపుకో ఊదాకో మార్చిన రకాలని మాత్రం పురుగులు తక్కువగా తిన్నాయి. ఆ రంగునిచ్చే పదార్థాలు వాటికి నచ్చవు.

దీన్నిబట్టి నా లెక్క ఇలా ఉంటుంది. కుండీల్లోనో చిన్న బాల్కనీలోనో పెట్టుకోవాలంటే పొట్టి రకం తీసుకోవచ్చు, తప్పేమీ లేదు. ముద్ద పువ్వు, రంగు మార్చిన ఆకు అయితే మీ కంటి కోసం ఒకటి పెట్టుకోండి, మిగతావన్నీ అసలు జాతివే ఉండనివ్వండి. నేల ఉన్నవాళ్లకి అసలు జాతే మేలు.

గింజ మొక్క, కొమ్మ మొక్క, అంటు మొక్క

చెట్టయ్యేవాటికి గింజ మొక్కే మంచిది. గింజ నుంచి వచ్చినదానికి తల్లివేరు లోతుగా దిగుతుంది, గాలికి నిలబడుతుంది, ఎండాకాలం తట్టుకుంటుంది. పైగా ప్రతి గింజా కొంచెం తేడాగా ఉంటుంది కాబట్టి ఒక తెగులు వస్తే అన్నీ ఒకేసారి పోవు. అంటు మొక్క త్వరగా పూస్తుంది, అదే దాని లాభం. వావిలి, అడ్డసరం లాంటి పొదలు కొమ్మ గుచ్చితే ఇట్టే వస్తాయి, కంచెకి కొమ్మ మొక్కలే చాలు.

తీగల్లో ఒక మెలిక ఉంది. తిప్పతీగలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. ఒకే తీగ నుంచి కొమ్మలు తీసి పెంచితే అన్నీ ఆడవో మగవో అవుతాయి. పిట్టలకి పండ్లు కావాలనుకుంటే రెండూ ఉండాలి, కాబట్టి గింజ నుంచి పెంచినవి రెండు మూడు తీసుకోవడం నయం.

ఇంట్లో తేలిగ్గా మొలిచేవాటి మీద మేళాలో డబ్బు పెట్టకండి. కానుగ గింజ నేరుగా నాటితే మొలుస్తుంది. రేల గింజ పెంకు గట్టిది, కాస్త గీసి నానబెడితే అదీ మొలుస్తుంది. పొగడ లాంటి నెమ్మదిగా పెరిగేవాటిని కొనండి. వాటికి నర్సరీవాళ్లు ఇప్పటికే పెట్టిన ఓపిక మీకు కలిసొస్తుంది.

అడవి నుంచి పెకలించి తెచ్చిన మొక్క అని అనుమానం వస్తే తీసుకోవద్దు. ఆర్కిడ్ల కుటుంబం మొత్తం, సర్పగంధి లాంటి కొన్ని వేరు మందుల మొక్కలు అడవి మొక్కల, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే, 1975 నుంచి అమల్లో ఉన్న సైటిస్ ఒప్పందం కిందికి వస్తాయి. నర్సరీలో పుట్టిన మొక్కకి కుదురు చక్కగా ఉంటుంది, కవరు మట్టి అంతా ఒకే రకంగా ఉంటుంది. పెకలించినదానికి తెగిన వేళ్లు, మొదలు చుట్టూ అడవి మట్టి గడ్డ, కొమ్మ మీద పాత దెబ్బలు కనిపిస్తాయి.

చిన్న కవరా, పెద్ద కుండీనా?

మేళాలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఒకటి జానెడు మొక్క, ఇంకొకటి ఛాతీ ఎత్తు చెట్టు. పెద్దది తెస్తే నాలుగేళ్లు కలిసొచ్చినట్టే అనిపిస్తుంది. నేలలో పెట్టేవాటికి నేను దాదాపు ఎప్పుడూ చిన్నదే చెబుతాను. పెద్ద మొక్కకి పైన ఆకు ఎక్కువ, కింద కవరులో వేరు తక్కువ. నేలలోకి దిగాక ఆ ఆకులన్నిటికీ నీళ్లు అందించలేక చాలాకాలం అలాగే బిగుసుకుని నిలబడిపోతుంది. చిన్నది త్వరగా వేళ్లు చాచి కొన్నేళ్లలో దాన్ని అందుకుంటుంది. మోదుగ లాంటి లోతు తల్లివేరు చెట్లకి ఇది మరీ ముఖ్యం. ఆ వేరు కవరు అడుగున వంకర తిరిగిందంటే మళ్లీ నిటారు కావడం కష్టం.

కొనేముందు అమ్మేవాళ్లని అడిగి వేళ్లు చూడండి. కమ్యూనిటీ నర్సరీవాళ్లు దీనికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు. కుండీ మొక్క అయితే మొదలు దగ్గర మట్టి మీద అరచెయ్యి పరిచి, కాండం రెండు వేళ్ల మధ్య ఉంచి, కుండీని బోర్లించి అడుగున మెల్లగా తట్టండి. మట్టి గడ్డ మొత్తం చేతిలోకి జారుతుంది. పక్కల్లో తెల్లటి కొసలతో సన్నని వేళ్లు అక్కడక్కడా కనిపించి, మట్టి కొద్దిగా రాలుతూ ఉంటే అది సరైన వయసులో ఉన్న మొక్క. గడ్డ మొత్తం విడిపోయి మట్టి పొడిగా రాలిపోతే ఈమధ్యే కుండీ మార్చారన్నమాట, ఇంకో నెల ఆగాలి. మట్టి కనిపించకుండా గోధుమరంగు వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి కుండీ ఆకారంలో గట్టిపడితే, అది కుండీలో ఉండాల్సినదానికంటే ఎక్కువకాలం ఉంది. పొద అయితే చుట్టుకున్న వేళ్లని నాలుగు వైపులా నిలువుగా కోసి నాటుకోవచ్చు, కోలుకుంటుంది. చెట్టయితే వదిలేయడమే మంచిది. ఆ చుట్టుకున్న వేరే పదేళ్ల తర్వాత లావై మొదలుని బిగించేస్తుంది, లేదా పెద్దగాలికి చెట్టు కూలుతుంది. వేళ్లు నల్లగా మెత్తగా ఉండి కుళ్లు వాసన వస్తే ఇక ఆలోచించక్కర్లేదు.

వేళ్ల మీద చిన్న చిన్న కాయల్లా ఉబ్బులు కనిపిస్తే అవి వేళ్లలో చేరే నులిపురుగుల పని కావచ్చు. కానుగ లాంటి చిక్కుడు జాతి మొక్కల వేళ్లకి నత్రజనిని పట్టే బొడిపెలు సహజంగానే ఉంటాయి. అవి వేరు పక్కన అంటుకున్నట్టుండి గోటితో గీకితే ఊడొస్తాయి, లోపల గులాబీ రంగులో ఉంటాయి. నులిపురుగుల ఉబ్బు వేరులోనే భాగం, ఊడదు.

కవరు మొక్కలకి ఇలా బోర్లించడం కుదరదు. వాటిని అడుగు నుంచి చూడండి. కవరు చిల్లుల్లోంచి లావు వేరు బయటికొచ్చి తెగి ఉంటే దాని పక్కది తీసుకోండి. కాండం పెన్సిలంత లావుతో నిటారుగా నిలబడే పొట్టి మొక్క, కర్ర కట్టి నిలబెట్టిన పొడుగు మొక్క రెండూ ఉంటే పొట్టిదే బలమైనది.

మట్టి, మందు

కమ్యూనిటీ మేళాల్లో రెండు రకాల మొక్కలు వస్తాయి. నర్సరీలోనే మట్టి కలిపి పెంచినవి, ఎవరో తమ పెరట్లోంచి తవ్వి ఇచ్చినవి. రెండోవాటి వెనక మంచి మనసే ఉంటుంది. అయినా జాగ్రత్త పడాలి, ఎందుకంటే మట్టితో పాటు తుంగ గడ్డలు వస్తాయి, ఒక్క గడ్డ వచ్చినా దాన్ని వదిలించుకోవడం మామూలు పని కాదు. ఉత్తర అమెరికాలో ఆసియా నుంచి చేరిన గంతులేసే వానపాములు ఇలా మట్టిలోనే ఇంటింటికీ పాకి, నేల పై పొరని పొడిపొడి చేసేస్తున్నాయి. దాంతో అక్కడ చాలా మేళాల్లో మట్టి కడిగేసి, వేళ్లు మాత్రమే ఉన్న మొక్కల్ని అమ్మడం మొదలుపెట్టారు. పెరటి మొక్క తీసుకోవాల్సి వస్తే మీరూ అదే చేయండి, వేళ్లు బకెట్ నీళ్లలో కడిగి, కొత్త మట్టిలో పెట్టండి.

మందు సంగతి సూటిగా అడగాలి. నియోనికోటినాయిడ్ రకం పురుగుమందులు మొక్క లోపలికి ఎక్కి పుప్పొడిలోకీ తేనెలోకీ చేరతాయి. వీటిలో మూడింటిని ఆరుబయట వాడకూడదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. తేనెటీగల కోసం కొన్న మొక్కే వాటికి విషం పెడితే కొన్న ప్రయోజనం ఏముంది? మచ్చలేని మెరిసే ఆకుల మొక్క ఒకటి, రెండు మూడు ఆకులకి చిల్లులున్న మొక్క ఒకటి ఉంటే, చిల్లులున్నదాన్ని నేను ముందు చేతిలోకి తీసుకుంటాను. ఆకు అడుగున తెల్లటి పిండినల్లి, కాండానికి అంటుకున్న పొలుసు పురుగు ఉంటే మాత్రం అది వేరే సంగతి, ఇంట్లో మిగతా మొక్కలకీ పాకుతాయి. ఏది కొన్నా రెండు వారాలు మిగతా మొక్కలకి దూరంగా ఉంచండి.

ఎన్ని, ఎక్కడ

అన్నీ ఒక్కొక్కటి చొప్పున పది రకాలు కొనాలనిపిస్తుంది. పొదలూ పూల మొక్కల విషయంలో మూడు రకాలు మూడేసి చొప్పున కొనడమే మేలు. తేనెటీగ ఒక విడత బయల్దేరితే సాధారణంగా ఒకే జాతి పువ్వుల మీద తిరుగుతుంది. చెదురుగా ఒక్కో పువ్వు ఉన్న చోటికంటే ఒకేచోట గుంపుగా ఉన్నచోట దానికి పని సులువు. ఆ మూడు రకాలు మూడు కాలాల్లో పూసేవైతే ఇంకా మంచిది.

చెట్టు అయితే చోటే తేల్చేస్తుంది. కుండీలే ఉంటే నూరువరహాలు, అడ్డసరం. పది అడుగుల ఖాళీ ఉంటే పారిజాతం. ఇంటికి కాస్త ఎడంగా జాగా ఉంటే పొగడ లేదా రేల. ఏడాది పొడవునా నీడ కావాలంటే పొగడ, ఎండాకాలంలో పసుపు పచ్చని గుత్తులు చూడాలనుంటే రేల. రేల ఆకు రాలుస్తుంది, ఊడ్చుకోవాలి. కానుగ, వేప లాంటివి పెద్ద స్థలం ఉన్నవాళ్లకి. రావి, జువ్వి స్థానికమైనవే, పిట్టలకి వాటంత ఇచ్చేవి తక్కువే, కానీ ఇంటి గోడ పక్కన మాత్రం వద్దు.

‘స్థానిక మొక్క కదా, నీళ్లు పోయక్కర్లేదు’ అని బల్ల దగ్గర ఎవరైనా అంటే నమ్మకండి. మొదటి రెండు ఎండాకాలాలు పాదు ఆరకుండా చూసుకోవాలి. ఆ తర్వాతే అది తన కాళ్ల మీద నిలబడుతుంది. గుంతలో ఎరువు కుమ్మరించక్కర్లేదు, మొదలు నర్సరీలో ఉన్న మట్టం కంటే లోతుకి పోకుండా నాటి, చుట్టూ ఎండుటాకులు పరచండి, కాండానికి ఆనకుండా.

మీరు వెతికిన మొక్క మేళాలో దొరక్కపోతే ఊరికే వచ్చేయకండి. పేరు, ఎన్ని కావాలో రాసి అక్కడివాళ్లకి ఇవ్వండి. వాళ్లు వచ్చే మేళాకి గింజ ఏరాల్సింది ఇప్పటి నుంచే. ఎంతమంది అడిగారన్నదాన్ని బట్టే ఏ చెట్టు కింద గోనెపట్టా పరచాలో వాళ్లు తేల్చుకుంటారు. తంగేడు ఎవరూ అడగని చోట తంగేడు నారు పోసేవాళ్లు ఉండరు.